న్యూజెర్సీ రాష్ట్రపు రైలు స్టేషనులు: ప్రయాణికుల బండ్ల చరిత్ర

ఒక జనసమూహము స్వస్థలమును వీడి పరప్రాంతమున నాటుకొనిన చరిత్రను వ్రాయువారు రాజులను, కరవులను, చేతివృత్తులను పేర్కొందురు. ఆ జనులను మోసికొనిపోయిన మార్గములను పేర్కొనుట తక్కువ. షోలాపురపు మగ్గముల చెంతను, బరంపురపు బజారులందును స్థిరపడిన తెలుగు కుటుంబములకు స్వగ్రామములతోడి రాకపోకలను నిలిపినది చాలవరకు రైలుబండియే. ఇటీవలి అర్ధశతాబ్దమున తెలుగువారు అధికముగా చేరిన దూరదేశ సీమలలో అమెరికా సంయుక్త రాష్ట్రములందలి న్యూజెర్సీ ఒకటి. ఆ రాష్ట్రపు రైలు చరిత్రయందు ఒక విశేషము కలదు. మొదట రైలువలన ఆదాయమును అనుభవించిన ప్రభుత్వమే కాలక్రమమున రైలును పోషింపవలసినదైనది. ఈ మార్పు ఎట్లు సంభవించెనో, ఆ నడుమ ఏ స్టేషనులు నిలిచెనో, ఏవి మూతపడెనో తెలిసికొనుట, రైలుమార్గముల నాశ్రయించి బ్రదుకు నిర్మించుకొనిన ఏ జనమునకైనను ప్రయోజనకరము.

రాష్ట్రపు ఉనికి

న్యూజెర్సీ విస్తీర్ణమున చిన్న రాష్ట్రము. దానికి ఈశాన్యమున హడ్సన్ నది, ఆ నది కావల న్యూయార్కు మహానగరము. పడమట డెలవేర్ నది, దాని కావలి యొడ్డున ఫిలడెల్ఫియా నగరము. ఈ రెండు నగరముల మధ్య దూరము సుమారు 90 మైళ్ళు. ఒక నగరమునుండి మరియొక నగరమునకు పోవు బాటసారి న్యూజెర్సీ భూమిని దాటక తప్పదు. ఈ ఉనికియే ఆ రాష్ట్రపు రైళ్ళకు పుట్టుకయు, పెంపును, చిక్కులును కలిగించినది.

తొలి ప్రయత్నములు

హోబోకెన్ నివాసియగు కర్నల్ జాన్ స్టీవెన్స్ అమెరికా రైళ్ళకు ఆద్యుడని చెప్పదగును. 1815లో డెలవేర్, రారిటన్ నదుల మధ్య ఇనుపదారి వేయుటకు న్యూజెర్సీ శాసనసభ ఆయనకు అనుమతి నొసగెను. అమెరికాలో రైలుమార్గమునకై వెలువడిన మొదటి శాసనము ఇదియే. కాని పెట్టుబడి పెట్టువారు లేక ఆ మార్గము కాగితముపైననే నిలిచిపోయెను. స్టీవెన్స్ నిరాశ చెందలేదు. 1825లో తన డెబ్బదియారవ యేట, హోబోకెన్‌లోని సొంత తోటయందు గుండ్రముగా పట్టాలు పరపించి, వానిపై చిన్న ఆవిరియింజనును నడిపి చూపెను. అది వినోదము కొరకు కాదు. ఆవిరిబలముతో బండి నడుచునని జనులను నమ్మించుటకు ఆయన చేసిన ప్రదర్శనము.

తండ్రి తలపెట్టిన కార్యమును కుమారుడు రాబర్ట్ స్టీవెన్స్ నెరవేర్చెను. 1830 ఫిబ్రవరిలో కామ్డెన్ అండ్ అంబాయ్ రైల్‌రోడ్ కంపెనీకి శాసనసభ అనుమతి లభించెను. రాబర్ట్ స్టీవెన్స్ దానికి అధ్యక్షుడై, పట్టాలను, ఇంజనును కొనుటకు ఆ సంవత్సరమే ఇంగ్లండుకు ఓడలో బయలుదేరెను. ఆ ప్రయాణమునందే ఆయన కొయ్యముక్కను చెక్కి, అడుగు వెడల్పుగను, నడుము సన్నముగను, తల గుండ్రముగను ఉండు పట్టా నమూనాను సిద్ధము చేసెనని ప్రసిద్ధి. అంతకుముందలి పట్టాలను నిలుపుటకు ప్రత్యేకపు దిమ్మలు కావలసియుండెడివి. క్రొత్త పట్టా తన అడుగుమీద తానే నిలుచును. మేకులతో దానిని దిగగొట్టిన చాలును. నేడు లోకమున పలుదేశములందు, భారతదేశమునందు సహితము, బండ్లు నడుచునది ఇట్టి వెడల్పు అడుగు గల పట్టాలమీదనే.

పట్టాల క్రింద రాతిదిమ్మలు పరచవలెనని మొదట సంకల్పించిరి. సింగ్ సింగ్ చెరసాలలోని ఖైదీలు చెక్కు రాళ్ళు సమయమునకు అందకపోవుటచే, తాత్కాలికముగా కొయ్యదుంగలను పరచి పని సాగించిరి. కొయ్యమీద బండి మెత్తగా నడుచుట చూచి, రాతికంటె కొయ్యయే మేలని గ్రహించిరి. గత్యంతరము లేక చేసిన పనియే ఇట్లు పద్ధతియైనది.

జాన్ బుల్ ఇంజను

ఇంగ్లండులో రాబర్ట్ స్టీఫెన్సన్ కర్మాగారమున తయారైన ఇంజను 1831లో విడిభాగములుగా అమెరికా చేరినది. వానిని కూర్చుటకు పటము కాని, తెలిసిన మనిషి కాని వెంట రాలేదు. అంతకుముందు రైలింజనును చూచియెరుగని ఐజక్ డ్రిప్స్ అను యువక మెకానిక్కు బోర్డెన్‌టౌన్ పట్టణమున ఆ భాగములను ఒకటొకటిగా అమర్చి ఇంజనును నిలిపెను. నీటి తొట్టి లేకున్న విస్కీ పీపాను పెట్టిరి. పీపానుండి ఇంజనునకు నీరు పారుటకు ఆ ఊరి చెప్పులు కుట్టువాడు తోలుగొట్టమును కుట్టి యిచ్చెను. 1831 నవంబరు 12న శాసనసభ్యుల సమక్షమున ఆ ఇంజను నడిచెను. తరువాత దానికి జాన్ బుల్ అను పేరు స్థిరపడినది. అమెరికా దారుల వంకరలకు అనువుగా దాని ముందుభాగమున డ్రిప్స్ అదనపు చక్రములను చేర్చెను. ఆ ఇంజను నేటికిని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో భద్రముగా ఉన్నది. 1981లో, దానికి 150 సంవత్సరములు నిండిన సందర్భమున, మరల నిప్పు రాజేసి దానిని నడిపిరి.

1834 నాటికి సౌత్ అంబాయ్ రేవునుండి డెలవేర్ తీరమందలి కామ్డెన్ వరకు దారి పూర్తియైనది. న్యూయార్కునుండి ప్రయాణికుడు పొగయోడపై సౌత్ అంబాయ్ చేరి, అక్కడ బండి యెక్కి, కామ్డెన్‌లో దిగి, మరల పడవపై ఫిలడెల్ఫియా చేరెడివాడు. వేగముతోపాటు అపాయమును వచ్చినది. 1833 నవంబరు 8న హైట్స్‌టౌన్ చెంత ఇరుసు విరిగి బండి పడిపోగా ప్రాణనష్టము కలిగెను. ప్రయాణికులు మరణించిన రైలు ప్రమాదములలో అమెరికాలో ఇది మొదటిదిగా పరిగణింపబడుచున్నది. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఆ బండిలో ఉండియు క్షేమముగా బయటపడెను. పొగయోడల యజమానియగు కార్నీలియస్ వాండర్‌బిల్ట్ ప్రక్కటెముకలు విరిగి చావు తప్పించుకొనెను. ఆయనయే పిదప అమెరికా రైలు వర్తకులలో అగ్రగణ్యుడైనాడు.

రైలు పోషించిన రాష్ట్రము

కామ్డెన్ అండ్ అంబాయ్ కంపెనీ తన మార్గమునకు పోటీ లేకుండ చూచుకొనెను. 1832 నాటి శాసనము ప్రకారము న్యూయార్కు, ఫిలడెల్ఫియా నగరముల మధ్య రైలు నడుపు హక్కు దానికే దక్కెను. అందుకు ప్రతిఫలముగా కంపెనీ రాష్ట్రమునకు 1,000 వాటాలను ఇచ్చి, ఏటా 30,000 డాలర్లకు తక్కువ కాని ఆదాయము సమకూరునని హామీ యిచ్చెను. రాష్ట్రమును దాటిపోవు ఒక్కొక్క ప్రయాణికునిపై 10 సెంట్ల సుంకము విధింపబడెను. ఈ సుంకపు భారము మోసినవారు ప్రధానముగా న్యూజెర్సీ వాసులు కారు. ఆ దారిన పోవు పరాయివారు. కావున ప్రభుత్వమునకు ఖజానా నిండెను, స్వజనులకు పన్ను తగ్గెను. శాసనసభయు కంపెనీ మాటను త్రోసివేయుట అరుదయ్యెను. ఇతర రాష్ట్రములవారు న్యూజెర్సీని “కామ్డెన్ అండ్ అంబాయ్ రాష్ట్రము” అని ఎగతాళి చేసెడివారు.

ఈ గుత్తాధిపత్యపు గడువు 1869 ఆరంభముతో ముగిసెను. 1871లో ఆ కంపెనీయు, దానితో కలిసిన తక్కిన కంపెనీలును తమ మార్గములను పెన్సిల్వేనియా రైల్‌రోడ్డునకు 999 సంవత్సరములకు కౌలునకిచ్చివేసినవి. 1873లో వెలువడిన సాధారణ రైల్వే శాసనము అర్హతగల కంపెనీలన్నింటికి దారి తెరచెను. అటుపిమ్మట రాష్ట్రమంతటను పట్టాలు అల్లుకొనిపోయినవి.

రైలు ఊళ్ళను కలుపుటయే కాక, ఊళ్ళను పుట్టించెను. అందుకు అట్లాంటిక్ సిటీ నిదర్శనము. సముద్రపుగాలి ఆరోగ్యకరమని నమ్మిన డాక్టర్ జోనథన్ పిట్నీ, ఇసుకదిబ్బల దీవికి రైలు వేయుటకు పెట్టుబడిదారులను ఒప్పించెను. 1854 జులైలో కామ్డెన్‌నుండి తొలి బండి అక్కడికి చేరినది. కొద్ది దశాబ్దములలో ఆ ఇసుకదిబ్బలు దేశప్రసిద్ధమగు విహారస్థలమైనవి. 1929 నుండి 1941 వరకు జెర్సీ సిటీనుండి అట్లాంటిక్ సిటీకి నడచిన “బ్లూ కామెట్” అను నీలిరంగు బండిని వృద్ధులు చాలకాలము తలచుకొనుచుండెడివారు.

హడ్సన్ తీరమున

న్యూయార్కు చేరవలసిన బండ్లన్నియు హడ్సన్ నదియొడ్డున ఆగిపోవలసివచ్చెడివి. నది వెడల్పు; ఓడల రాకపోకలు మెండు; వంతెన వేయుట దుస్సాధ్యము. అందువలన ఒక్కొక్క కంపెనీ పశ్చిమతీరమున సొంతముగా రేవుస్టేషను కట్టుకొనెను. రైలు దిగిన జనులు అక్కడనే పడవ యెక్కెడివారు.

వీనిలో జెర్సీ సిటీయందలి సెంట్రల్ రైల్‌రోడ్ స్టేషను చరిత్రలో ఎన్నదగినది. 1889లో పూర్తియైన ఈ ఎఱ్ఱయిటుకల కట్టడమునకు రూపకర్తలు పీబాడీ అండ్ స్టెర్న్స్ అను బోస్టను వాస్తుశిల్పులు. 1892లో ఎదుటి ఎల్లిస్ దీవియందు వలసజనుల పరిశీలనాలయము తెరవబడెను. యూరపునుండి వచ్చిన లక్షలాది జనులు ఆ దీవిలోనే రైలు టిక్కెట్లు కొని, పడవలలో ఈ రేవుస్టేషనులకు చేరి, దేశము లోపలి గనులకు, మిల్లులకు, పొలములకు సాగిపోయిరి. వారిలో పలువురికి అమెరికా నేలపై పెట్టిన తొలియడుగు ఈ స్టేషను వాకిటనే పడినది. భాష తెలియని దేశమున, చేతియందలి టిక్కెట్టును, మెడలోని సంచిని గట్టిగా పట్టుకొని బండికొరకు నిరీక్షించిన ఆ జనులకు స్టేషనే మొదటి ఊరు.

దీనికి ఉత్తరమున హోబోకెన్ స్టేషను కలదు. డెలవేర్, లాకవానా అండ్ వెస్టర్న్ కంపెనీ 1907లో దీనిని నెలకొల్పెను. వాస్తుశిల్పి కెన్నెత్ మర్చిసన్. నదివైపు గోడలకు రాగిరేకులు తాపించిరి. గాలికి, ఉప్పునీటికి రాగి పచ్చనైనది. వెయిటింగు హాలు పైకప్పు టిఫానీ రంగుటద్దములతో వెలుగొందును. ప్లాట్‌ఫారములపై లింకన్ బుష్ అను ఇంజనీరు కనిపెట్టిన క్రొత్తరకపు కప్పు మొట్టమొదట ఇక్కడనే వాడబడెను. అంతకుముందు స్టేషను కప్పులు మిక్కిలి ఎత్తుగా ఉండి, పొగ లోపలనే తిరుగుచుండెడిది. బుష్ కప్పును తగ్గించి, పొగగొట్టమునకు సరిగా పైన పొడుగైన చీలికలు విడిచెను. పొగ బయటికి పోవును, ప్రయాణికుడు తడవడు, ఖర్చును తక్కువ. 1930 సెప్టెంబరు 3న ఈ స్టేషనునుండి బయలుదేరిన తొలి విద్యుత్తు బండిని థామస్ ఎడిసన్ స్వయముగా నడిపెను. అప్పటికి ఆయనకు 83 ఏండ్లు. అంతకు అర్ధశతాబ్దము మునుపే, 1880లో, ఆయన మెన్లో పార్కునందు విద్యుత్తుతో నడుచు చిన్న రైలును పరీక్షించియుండెను.

నది క్రింది దారి

1908లో హోబోకెన్‌నుండి నది అడుగున సొరంగములలో చిన్న విద్యుత్తు బండ్లు నడువసాగెను. 1910 నవంబరులో పెన్సిల్వేనియా కంపెనీ పెద్ద బండ్లను కూడ నదిక్రిందుగా న్యూయార్కు నడిబొడ్డునకు చేర్చెను. సొరంగములోనికి ఆవిరియింజను పోరాదు, పొగతో ఊపిరాడదు. కావున న్యూఆర్కు నగరమునకు సమీపమున మాన్‌హాటన్ ట్రాన్స్‌ఫర్ అను స్టేషనునందు ఆవిరియింజనును విప్పి విద్యుత్తు ఇంజనును తగిలించెడివారు. ఆ స్టేషనునకు బయటినుండి బాట లేదు. జనులు బండి దిగి వేరొక బండి యెక్కుటయే కాని, ఊరిలోనికి పోవుట లేదు. జాన్ డాస్ పాసోస్ 1925లో వెలువరించిన నవలకు ఈ స్టేషను పేరే పెట్టెను. విద్యుత్తు తంతులు ఫిలడెల్ఫియా వరకు సాగిన పిమ్మట దానితో పని లేకపోయెను, 1937లో మూతపడెను. దానికి బదులుగా న్యూఆర్కులో 1935లో ప్రారంభమైన పెన్ స్టేషను ప్రముఖమయ్యెను. దాని వెయిటింగు హాలు గోడలపై బండ్లు, ఓడలు, విమానములు మొదలగు వాహనముల పరిణామమును తెలుపు శిల్పములు నేటికిని చూపరుల నాకర్షించుచున్నవి.

క్షీణదశ

రెండవ ప్రపంచయుద్ధానంతరమున కార్లు ప్రబలినవి. 1951లో న్యూజెర్సీ టర్న్‌పైక్ రహదారి వాడుకలోనికి వచ్చెను. ఆ రహదారి నిర్మాణముకొరకే వుడ్‌బ్రిడ్జి వద్ద రైలుదారిని తాత్కాలికపు వంతెనమీదికి మరల్చగా, 1951 ఫిబ్రవరి 6న అక్కడ బండి పట్టాలు తప్పి 85 మంది మరణించిరి. 1958 సెప్టెంబరు 15న న్యూఆర్కు అఖాతముపై ఎత్తియున్న వంతెననుండి సెంట్రల్ కంపెనీ బండి నీటిలో పడి 48 మంది ప్రాణములు గోల్పోయిరి.

ప్రమాదములకంటె మిక్కుటముగా లెక్కలు రైలును క్రుంగదీసినవి. ఉదయము రెండు గంటలు, సాయంత్రము రెండు గంటలు మాత్రమే బండ్లు నిండును; తక్కిన కాలమంతయు పెట్టెలును పనివారును ఊరక యుండవలెను. ఛార్జీ పెంచినచో జనులు కారు నెక్కుదురు, పెంచకున్న నష్టము. 1967లో సెంట్రల్ కంపెనీ, 1970లో పెన్ సెంట్రల్, 1972లో ఈరీ లాకవానా దివాలా తీసినవి. 1967 ఏప్రిల్ 30న జెర్సీ సిటీ రేవుస్టేషను మూతపడెను. దాని బండ్లు న్యూఆర్కునకు మళ్ళింపబడెను. నిత్యప్రయాణికులకు పడవ మారు ప్రయాస తప్పినమాట నిజమే. కాని లక్షలాది వలసజనులకు వాకిలియైన ఆ స్టేషను ప్లాట్‌ఫారములపై పిచ్చిచెట్లు మొలిచినవి. నది కావల, మాన్‌హాటన్‌లో, పెన్సిల్వేనియా కంపెనీవారి మహాస్టేషనును 1963 మొదలుకొని పడగొట్టిరి. అమెరికనులకు పాత కట్టడములపై కనువిప్పు కలిగించినది ఆ విధ్వంసమే.

రాష్ట్రము చేపట్టుట

ఈ దశయందు న్యూజెర్సీ ప్రభుత్వము ముందు రెండు మార్గములుండెను. బండ్లను ఆపివేయ ననుమతించుట ఒకటి. సొమ్మిచ్చి నిలుపుట రెండవది. రాష్ట్రము రెండవదానిని ఎంచుకొనెను. 1960 నుండి కంపెనీలతో ఒప్పందములు చేసికొని ప్రయాణికుల బండ్లకు ధనసహాయము ఇయ్యసాగెను. 1968లో రవాణాకై 64 కోట్ల డాలర్ల ఋణపత్రములకు ప్రజలు ఓటు ద్వారా సమ్మతించిరి. అందు 20 కోట్లు ప్రజారవాణాకు కేటాయింపబడెను. 1976లో దివాలా కంపెనీల మార్గములు కాన్‌రెయిల్ అను జాతీయ సంస్థకు చేరినవి. 1979లో న్యూజెర్సీ ట్రాన్సిట్ అను రాష్ట్ర సంస్థ ఏర్పడి, 1983 జనవరి 1న ప్రయాణికుల బండ్లను స్వయముగా నడుపుటకు పూనుకొనెను. నూట ఏబది సంవత్సరములకు పూర్వము ఒక్కొక్క ప్రయాణికునిపై 10 సెంట్లు పుచ్చుకొనిన రాష్ట్రము ఇపుడు ఆ ప్రయాణికుని బండికి తానే తోడు పెట్టుబడి పెట్టుచున్నది.

స్టేషనుల రక్షణయు ఈ కాలమునందే సాగెను. జెర్సీ సిటీ స్టేషను భూమి 1976లో లిబర్టీ స్టేట్ పార్కులో భాగమై, కట్టడము బాగుచేయబడెను. 1984లో వాడుకలోనున్న పలు స్టేషనులను ఒక్కమారుగా జాతీయ చారిత్రకస్థలముల పట్టికయందు చేర్చిరి. అన్నియు ఒకే తీరున నిలువలేదు. 1913లో కట్టిన మాంట్‌క్లేర్ స్టేషనునందు బండ్లు 1981లో నిలిచిపోగా, అది అంగళ్ళ సముదాయమైనది. దాని రూపకర్తయగు విలియం బాట్స్‌ఫర్డ్ స్టేషను పూర్తి గాక మునుపే, 1912లో, టైటానిక్ ఓడతో మునిగిపోయెను. హోబోకెన్ మాత్రము ఇప్పటికిని నిండుగా పనిచేయుచున్నది. 1967లో నిలిచిన పడవలు 1989లో మరల వచ్చినవి. 2012 అక్టోబరు తుపానులో నదీజలము ఆ స్టేషనును ముంచెత్తెను. 2016 సెప్టెంబరులో ఆగవలసినచోట ఆగని బండి ఢీకొని ఒకరు మరణించిరి. రెండు మారులును దానిని బాగుచేసి నిలిపిరి.

తెలుగువారును ఆ దారులును

1971లో వేగవంతమగు బండ్లకై ఇసెలిన్‌లో మెట్రోపార్కు స్టేషను కట్టబడెను. దానికి శిల్పసౌందర్యము లేదు. కారును విడిచి బండి యెక్కుటకు అనువైన విశాలస్థలమే దాని గుణము. ఆ స్టేషను చుట్టుప్రక్కల గల ఎడిసన్, ఇసెలిన్ ప్రాంతములందును, దక్షిణమున ప్రిన్స్‌టన్ పరిసరములందును తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడినవి. ఎడిసన్ పట్టణము 1954లో ఆ పేరు దాల్చినది. మెన్లో పార్కు ప్రయోగశాల వెలసిన నేల అదియే. ఉదయము మెట్రోపార్కులోనో, ప్రిన్స్‌టన్ జంక్షనులోనో బండి యెక్కి న్యూయార్కు కార్యాలయములకు పోవు తెలుగువారు 1910 నాటి సొరంగములనే దాటుచున్నారు. ఆ సొరంగములు రెండే. 2012 తుపానులో ఉప్పునీరు చొరబడి దెబ్బతిన్నవి. క్రొత్త సొరంగముల పని 2023లో ఆరంభమైనది.

రైలుదారి ప్రక్కన ఇల్లు కట్టుకొనుట వలసజనుల సహజస్వభావము. నౌకరీ ఎక్కడనున్నను సాయంత్రమునకు ఇల్లు చేరవచ్చును. బంధువులు వచ్చిన దింపుకొనవచ్చును. కాని ఆ సౌకర్యము దానంతట అది నిలువదు. న్యూజెర్సీ చరిత్ర దీనిని స్పష్టము చేయుచున్నది. లాభమున్నంతకాలము కంపెనీలు రాజభవనములవంటి స్టేషనులు కట్టినవి. లాభము తగ్గగనే విడిచిపోయినవి. తరువాత నిలిచిన స్టేషనులలో పెక్కు, ప్రజలు పన్ను ద్వారా, ఓటు ద్వారా, నిత్యప్రయాణము ద్వారా నిలుపుకొనినవే.

జాన్ బుల్ ఇంజను నడిచిన దారి కథ ఇందుకు తగిన ఉదాహరణము. బోర్డెన్‌టౌన్ మీదుగా కామ్డెన్ చేరు ఆ పురాతన మార్గమున ప్రయాణికుల బండ్లు ఆగిపోయి, చాలకాలము సరకుల బండ్లు మాత్రమే నడచినవి. 2004 మార్చిలో రాష్ట్ర సంస్థ ఆ మార్గమున ట్రెంటన్‌నుండి కామ్డెన్ వరకు రివర్ లైన్ అను తేలికబండ్లను ప్రవేశపెట్టెను. ఐజక్ డ్రిప్స్ విడిభాగములను కూర్చి ఇంజనును నిలిపిన ఊరిలో నేడు మరల ప్రయాణికులు బండి యెక్కుచున్నారు.